ముందు చెంప ఆననివ్వండి, తర్వాత డాలర్లు లెక్కపెట్టండి

ప్రశ్న: అన్నయ్య గారూ, మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. నాకు 39 ఏళ్లు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్ పేల్చాను. ఆ సరదా మళ్లీ మొదలై, ఏడాదిగా ఒక మామూలు స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌తో ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇప్పుడు మంచి బుల్‌పప్ రకం ఎయిర్ రైఫిల్ ఒకటి కొనుక్కుందామని 3,500 డాలర్లు పక్కన పెట్టాను. ఎఫ్ఎక్స్ ఇంపాక్ట్ ఎం3 కొనాలా, డేస్టేట్ డెల్టా వుల్ఫ్ కొనాలా తేల్చుకోలేకపోతున్నాను. రేంజ్‌లో పరిచయమైన ఒకాయన తన పాత కాలిబర్‌గన్ క్రికెట్ చవకగా ఇస్తానంటున్నారు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, కళ్లద్దాలు ఉన్నాయి. ఎప్పటికైనా మెసాలో జరిగే ఎక్స్‌ట్రీమ్ బెంచ్‌రెస్ట్ (తుపాకీని బల్ల మీద ఆనించి పేల్చే) పోటీలో 100 గజాల వరసలో కూర్చోవాలని కోరిక. ఇంకో మాట. నూజివీడు దగ్గర నాన్నగారి మామిడితోటలో కోతుల బెడద ఎక్కువగా ఉంది. సంక్రాంతికి వెళ్లేటప్పుడు ఒక ఎయిర్ రైఫిల్ పట్టుకెళ్లొచ్చా?
ఒక చెల్లెలు, చాండ్లర్

జవాబు:

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం మీ ఎత్తు, మీ కళ్లద్దాల గురించి రాసినదే. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లు పవర్ ఎంత, ఒక ఫిల్‌కి (ఒకసారి గాలి నింపితే) ఎన్ని షాట్లు అని అడుగుతారు కానీ తమ చేతుల పొడవు, మెడ నొప్పి, కళ్ల సంగతి చెప్పరు. మీరు చెప్పారు కాబట్టి నేను సూటిగా సమాధానం చెప్పగలను.

ముందే ఒకటి ఒప్పుకుందాం. మీరు చెప్పిన మూడింటిలో ఏది తీసుకున్నా గురి విషయంలో మోసపోరు. దానికి నచ్చిన పెల్లెట్ (చిన్న సీసపు గుండు) దొరికితే, గాలి లేని పొద్దున 50 గజాల దగ్గర అయిదు షాట్లు ఒక క్వార్టర్ (25 సెంట్ల) బిళ్ల కింద దాగిపోతాయి. ఈ ధరలో బ్యారెల్ బాగుండటం వింతేమీ కాదు. కాబట్టి ఇంటర్నెట్‌లో కనిపించే టార్గెట్ కాగితాల ఫోటోలు పక్కపక్కన పెట్టి నిద్ర పాడుచేసుకోకండి. తేడా అంతా ఆ తుపాకీ మీ ఒంటికి ఎలా కుదురుతుంది, దాన్ని మీరు ఎంతగా కెలుకుతారు, పాడైతే ఎవరు బాగుచేస్తారు అనే వాటిలోనే ఉంది.

ఒంటి సంగతి ముందు చూద్దాం. బుల్‌పప్ అంటే ట్రిగ్గర్‌ని ముందుకు జరిపి, గాలి వాల్వు, దాన్ని కొట్టి తెరిచే హామర్, పెల్లెట్ దూరే చోటు అన్నీ ట్రిగ్గర్ వెనక్కి, అంటే మన చెంప కిందికి తెచ్చిన తుపాకీ. అందుకే ఇంపాక్ట్‌లో 700 మిల్లీమీటర్ల బ్యారెల్ ఉన్నా మొత్తం తుపాకీ చేతికి పొట్టిగానే అనిపిస్తుంది, బరువంతా భుజం దగ్గరే ఉంటుంది. పొట్టిగా ఉన్నవాళ్లకి ఇది వరం అని అందరూ అంటారు. సగమే నిజం. ఈ యంత్రమంతా, అంటే యాక్షన్, ట్రిగ్గర్‌కీ భుజానికీ మధ్య పట్టాలి కదా, అందువల్ల ఆ దూరాన్ని ఒక హద్దు దాటి తగ్గించడం కుదరదు. మామూలు రైఫిల్ బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) చివర ఒక అంగుళం కోయించుకోవచ్చు. బుల్‌పప్‌కి ఆ వీలు లేదు, అక్కడ కోస్తే యాక్షనే తెగుతుంది.

మీ ఎత్తువాళ్లు దుకాణంలో చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మోచేతిని సమకోణంలో మడిచి, బట్‌ని మోచేతి మడతలో ఆనించి, ట్రిగ్గర్ దగ్గర చెయ్యి పెట్టండి. చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకి తేలిగ్గా వస్తే మంచిది. వేలి కొస మాత్రమే తగులుతుంటే, లేదా భుజం ముందుకు సాచాల్సి వస్తే, ఆ తుపాకీతో గంటసేపు కూర్చున్నాక మెడ పట్టేస్తుంది. ఇంపాక్ట్‌కీ డెల్టా వుల్ఫ్‌కీ బట్ ప్యాడ్ పైకీ కిందికీ జరుగుతుంది కాబట్టి పొడవు తగ్గకపోయినా భుజం మీద కూర్చునే తీరు కొంత సర్దుకోవచ్చు. క్రికెట్ పాత మోడల్‌కి ఆ వీలు ఎంతుందో చూసుకోండి.

కళ్లద్దాల విషయంలో మాత్రం బుల్‌పప్ నిజంగా మీకు అనుకూలం. దీని మీద స్కోప్ ఎత్తుగా ఉంటుంది, బ్యారెల్ నుంచి రెండున్నర, మూడు అంగుళాల పైన. మామూలు రైఫిల్‌లో తల వంచి, చెంప గట్టిగా నొక్కితే అద్దాల పై అంచులోంచి చూడాల్సి వస్తుంది. ఎన్‌సీసీలో బోర్లా పడుకుని పేల్చినప్పుడు కళ్లద్దాలు జారి ముక్కు మీదకి వచ్చేవా? ఇక్కడ ఆ గొడవ ఉండదు. తల నిటారుగా ఉంటుంది, చూపు అద్దం నడిమధ్య నుంచే పోతుంది. నాకు నలభై అయిదు దాటాక ప్రోగ్రెసివ్ అద్దాలు వచ్చాయి, అప్పటినుంచి బుల్‌పప్ తప్ప మరొకటి పెద్దగా ముట్టుకోలేదు.

అయితే తల ఎత్తి చూడటానికి ఒక ఖరీదు ఉంది. తుపాకీ ఒక పక్కకి ఒరిగితే, దూరం పెరిగేకొద్దీ దెబ్బ ఆ పక్కకే పోతుంది. దీన్ని క్యాంట్ అంటారు. సెకనుకి 880 అడుగుల వేగంతో బయల్దేరిన పెల్లెట్ 100 గజాలు చేరేసరికి బ్యారెల్ చూస్తున్న గీత నుంచి రెండు అడుగులకి పైనే కిందికి పడుతుంది. ఆ పడటాన్ని మనం స్కోప్‌లో సరిచేసుకుంటాం. తుపాకీ 3 డిగ్రీలు ఒరిగితే ఆ సరిచేసిన దాంట్లో కొంత పక్కకి మళ్లుతుంది, 100 గజాల దగ్గర సుమారు అంగుళంన్నర. మూడు డిగ్రీలంటే కంటికి తెలియని ఒరుగు. పైగా బుల్‌పప్‌లో తల పైకెత్తి ఉంటాం కాబట్టి చెంపతో అది పసిగట్టడం ఇంకా కష్టం. కాబట్టి స్కోప్ బిగించిన రోజే ఒక చిన్న బబుల్ లెవెల్ కూడా బిగించండి. ముప్ఫై డాలర్లు పెట్టలేక నెలల తరబడి గాలిని తిట్టుకున్నవాళ్లను చూశాను.

ఇక ట్రిగ్గర్. ట్రిగ్గర్ ముందుంది, అది వదలాల్సిన హామర్ వెనకుంది. రెండింటి మధ్య ఒక పొడవాటి కడ్డీ ఉంటుంది. చవక బుల్‌పప్‌లలో ఈ కడ్డీ వల్లే ట్రిగ్గర్ బంకలో వేలు పెట్టినట్టు సాగుతుంది. ఇంపాక్ట్‌లో, క్రికెట్‌లో దీన్ని బాగానే సాధించారు. మొదటి దశ ఎక్కడ అయిపోయిందో, రెండోది ఎక్కడ మొదలైందో వేలికి స్పష్టంగా తెలుస్తుంది. డెల్టా వుల్ఫ్‌లో అసలు ఆ కడ్డీ గొడవే లేదు, ట్రిగ్గర్ ఒక ఎలక్ట్రానిక్ స్విచ్. వేలు నొక్కితే లోపలి కంప్యూటర్ వాల్వుని తెరుస్తుంది. ఆ ట్రిగ్గర్ ఒకసారి అలవాటైతే మిగతావన్నీ మొరటుగా అనిపిస్తాయి. అది నేను దాచను.

డేస్టేట్ ఇంగ్లండ్ కంపెనీ. 1970ల్లో జంతువులకి మత్తు సూది కొట్టే తుపాకులతో మొదలై, గాలిని ముందే నింపుకునే రైఫిళ్ల వైపు వచ్చింది. 2020లో వచ్చిన డెల్టా వుల్ఫ్‌లో చిన్న టచ్ స్క్రీన్ ఉంటుంది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ తుపాకీలోనే ఉంటుంది. మీకు ఎంత వేగం కావాలో చెబితే అది షాట్ షాట్‌కీ కొలుచుకుంటూ వాల్వుని తానే సర్దుకుంటుంది. కొందరు దీన్ని పూర్తి బుల్‌పప్ అనరు, సెమీ బుల్‌పప్ అంటారు. పేరు ఏదైనా, చేతిలో బుల్‌పప్‌లాగే ఉంటుంది. స్క్రూలు తిప్పడం ఇష్టం లేనివాళ్లకి, కొన్న రోజు నుంచి పేల్చుకోవడమే కావాల్సినవాళ్లకి ఇది మంచి ఎంపిక. కానీ చార్జింగ్ పెట్టుకోవాలి, ఎలక్ట్రానిక్ భాగం పాడైతే ఇంట్లో కూర్చుని ఓ రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు చుట్టు) మార్చినట్టు మార్చుకోలేరు. ధర మూడు వేల డాలర్ల చుట్టుపక్కల. మీ 3,500లో అది పోతే మిగిలిన దాంతో స్కోప్ వస్తుంది, గాలి నింపుకునే సామాను రాదు. నేను దీన్ని మీకు వద్దనడానికి ఇదొక్కటే కారణం, కానీ ఇది చాలా పెద్ద కారణం.

గాలి గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు, చెల్లెమ్మా. అదే నాకు టెన్షన్. మీ స్ప్రింగ్ రైఫిల్‌కి బ్యారెల్ విరిచి మూస్తే చాలు. వీటిలో 200 నుంచి 250 బార్ దాకా గాలి నింపాలి, ఇంపాక్ట్‌కి 250. కారు టైరులో ఉండేది రెండున్నర బార్‌కి అటూ ఇటూ. చేత్తో కొట్టే పంపు ఉందిలే అని చాలామంది అనుకుంటారు. తుపాకీకి ఉండే ఇంత పెద్ద గాలి సీసాని చేతి పంపుతో నింపడం మొదటి వారం ఉత్సాహంలో చేస్తారు, రెండో వారం నుంచి తుపాకీ బీరువాలో ఉంటుంది. పైగా పంపుతో పాటు గాలిలోని తేమ కూడా లోపలికి పోతుంది. 300 బార్ కార్బన్ ఫైబర్ సిలిండర్ కొనుక్కుని స్కూబా లేదా పెయింట్‌బాల్ దుకాణంలో నింపించుకోవచ్చు, లేదా చిన్న కంప్రెసర్ కొనుక్కోవచ్చు. ఏదైనా అయిదారు వందల డాలర్లు అనుకోండి. సిలిండర్ పాతది తీసుకుంటే దాని మీద ముద్రించిన తేదీ చూడండి. అమెరికాలో ఇలాంటి సిలిండర్లకి అయిదేళ్లకోసారి హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి, మామూలుగా 15 ఏళ్లతో వాటి ఆయుష్షు అయిపోతుంది. తేదీ దాటినదాన్ని ఏ దుకాణం వాడూ నింపడు.

గాలి నింపేచోట కుట్టు మెషీన్ నూనె, వాసెలిన్, తలుపు బందులకి వేసే నూనె, ఇవేవీ రానివ్వకండి. అంత ఒత్తిడి గాలి ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడు పుట్టే వేడికి నూనె అంటుకుని పేలుతుంది. ఓ రింగులకి సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ వేలికి అంటీ అంటనంత. ఆక్సిజన్ సిలిండర్ నుంచి అస్సలు నింపకూడదు. బుల్‌పప్‌లో ఈ ఒత్తిడంతా మన చెంప పక్కనే ఉంటుంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీది అరిజోనా కాబట్టి ఇంకొకటి. నింపిన తుపాకీని ఎండలో కారు డిక్కీలో వదలకండి. 25 డిగ్రీల గదిలో 250 బార్ నింపారనుకోండి, డిక్కీలో 65 డిగ్రీలకి అది 280 దాటుతుంది. రేంజ్‌కి వెళ్లే ముందు 200 దగ్గర ఆపేసి, అక్కడ నీడలో మిగతాది నింపుకోండి.

ఇంపాక్ట్ దగ్గరికి వద్దాం. స్వీడన్‌లో మారియెస్టాడ్ అనే ఊళ్లో ఫ్రెడ్రిక్ ఆక్సెల్‌సన్ మొదలుపెట్టిన కంపెనీ ఎఫ్ఎక్స్. వీళ్ల బ్యారెల్ చేసే పద్ధతే వేరు. మందపాటి ఉక్కు కడ్డీకి లోపల పెల్లెట్‌ని తిప్పే గాడులు కోయరు. పలుచటి గొట్టాన్ని బయట నుంచి నొక్కి లోపల మెలికలు తెస్తారు. ఆ గొట్టాన్ని లైనర్ అంటారు. దాన్ని పై తొడుగులోంచి లాగి వేరేది పెట్టుకోవచ్చు. లైనర్, పెల్లెట్‌ని లోపలికి తోసే ప్రోబ్, మ్యాగజైన్ మార్చుకుంటే అదే తుపాకీ .22 క్యాలిబర్ (అంగుళాల్లో బ్యారెల్ రంధ్రం సైజు) నుంచి .25కో .30కో మారిపోతుంది. మీకు ఇది ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెప్తాను. ఎం3లో రెండు రెగ్యులేటర్లు వరసగా ఉంటాయి, ఒకటి సీసాలోని ఒత్తిడిని కొంత తగ్గిస్తే రెండోది దాన్ని స్థిరం చేస్తుంది. వెనక పవర్ చక్రం, దాని పక్కన సన్నగా సర్దుకునే మరొకటి, రెగ్యులేటర్‌కి బయటినుంచే తిప్పే స్క్రూ. ధర రెండు వేల డాలర్లకి కాస్త అటూ ఇటూ.

దాని గొప్పా, దాని ప్రమాదమూ ఆ స్క్రూలే. ఒక కొత్తాయన మా రేంజ్‌కి ఎం3 తెచ్చారు. మొదటి శనివారం చక్కగా కొట్టారు. రెండో శనివారం ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని రెగ్యులేటర్ పెంచారు. ఒత్తిడి పెరిగేసరికి పాత హామర్ స్ప్రింగ్‌కి వాల్వు సరిగ్గా తెరుచుకోలేదు, వేగం పెరగాల్సింది పోయి తగ్గింది. దానికి స్ప్రింగ్ బిగించారు. ఈసారి వేగం ఎక్కువైంది, పెల్లెట్ చెదిరింది. మూడో వారం పెల్లెట్ మార్చారు. నెల తిరిగేసరికి ఏది మార్చడం వల్ల ఏమైందో ఆయనకే తెలియని స్థితి. కంపెనీ నుంచి వచ్చినప్పటి అమరికలు ఏమిటో ఆయన రాసిపెట్టుకోలేదు.

కాబట్టి పెట్టె తెరిచిన రోజు చక్రాల మీద గీతలు ఎక్కడున్నాయో, గేజీలు ఎంత చూపిస్తున్నాయో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఆ తర్వాత రెండు డబ్బాలు, అంటే వెయ్యి పెల్లెట్లు అయ్యేదాకా ఏ స్క్రూ జోలికీ వెళ్లకండి. ఆ వెయ్యి షాట్లలో మారేది మీరే, తుపాకీ కాదు. అప్పటికీ సర్దాలనిపిస్తే రెగ్యులేటర్ ముట్టుకోకుండా హామర్ స్ప్రింగ్ ఒక్కటే కొంచెం కొంచెం పెంచుతూ క్రోనోగ్రాఫ్ చూడండి. ఒక చోటుకి వచ్చాక ఎంత బిగించినా వేగం పెరగదు. అక్కడి నుంచి కొద్దిగా వెనక్కి తగ్గించి ఆపేయండి. గాలి వృథా కాదు, షాట్‌కీ షాట్‌కీ తేడా తగ్గుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది కాగితం మీద రాయాలి.

క్రికెట్ గురించి. చెక్ రిపబ్లిక్‌లో చేసే తుపాకీ, బుల్‌పప్‌లకి ఇంత పేరు రావడంలో దీని పాత్ర పెద్దదే. గట్టిది, సూటిది, కెలకడానికి ఎక్కువేమీ ఉండదు. మీ ఇష్టానికి అడ్డు చెప్పను కానీ, పాత క్రికెట్‌లో కాకింగ్ లివర్ (షాట్‌కి ముందు లాగి తుపాకీని సిద్ధం చేసేది) వెనక, దాదాపు చెవి కిందికి ఉంటుంది. బల్ల దగ్గర కూర్చుని ప్రతి షాట్‌కీ మోచేతిని వెనక్కి తీసుకెళ్లి లాగాలి. పొట్టి చేతులవాళ్లు దానికోసం ప్రతిసారీ భుజం నుంచి తుపాకీ కదుపుతారు. కదిపితే మళ్లీ చెంప, మళ్లీ బబుల్, మళ్లీ గురి. ఇంపాక్ట్‌లో లివర్ ముందుకి, చేతి దగ్గరే ఉంటుంది కాబట్టి బట్ భుజం మీద ఉండగానే లాగొచ్చు.

పైగా అది వాడిన తుపాకీ. నా అనుభవం చెప్తాను. ఏడెనిమిదేళ్ల కిందట నేనూ ఒక వాడిన బుల్‌పప్ కొన్నాను. అమ్మినాయన నా ముందే పది షాట్లు కొట్టి చూపించారు, అన్నీ ఒక్క రంధ్రంలోనే. ఇంటికొచ్చి మర్నాడు పొద్దున క్రోనోగ్రాఫ్ పెట్టి చూశాను. మొదటి షాట్ 912 అడుగులు. తర్వాత 884, 882, 885. సాయంత్రం మళ్లీ చూస్తే మొదటిది 909, తర్వాత మళ్లీ 883 దగ్గర. రెగ్యులేటర్ క్రీప్ అంటే అదే. పేల్చకుండా ఉన్నంతసేపూ సీసాలోని ఒత్తిడి అరిగిన రెగ్యులేటర్ దాటి సన్నగా లోపలికి కారుతూ ఉంటుంది, అందుకని మొదటి షాట్ ఎక్కువ వేగంతో పోతుంది. వరసగా పది షాట్లు కొట్టి చూపిస్తే ఇది బయటపడదు. ఒక సర్వీస్ దుకాణానికి పంపితే పదకొండు వారాలు పట్టింది. మెయిల్ పెడితే సమాధానం ఉండేది కాదు. ఆ వేసవంతా నేను రేంజ్‌కి వెళ్లి ఇతరులకి టార్గెట్ కాగితాలు మార్చాను.

మీకు క్రికెట్ మీదే మనసుంటే ఆ పెద్దాయన్ని ఒక్కటి అడగండి. ముందు రోజు రాత్రి నింపి, గేజీ ఫోటో తీసి పంపమనండి. మర్నాడు పొద్దున మీరు వెళ్లాకే మొదటి షాట్, అదీ క్రోనోగ్రాఫ్ మీదుగా. మంచివాడైతే ఒప్పుకుంటారు.

ఇక క్యాలిబర్. మీరు ఉత్తరంలో రాయలేదు కానీ 100 గజాలు అన్నారు కాబట్టి మనసులో .30 ఉండే ఉంటుంది. 100 గజాల పోటీల్లో .30 వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, బరువైన పెల్లెట్‌ని పక్కగాలి తక్కువ నెడుతుంది. అయినా మీరు .22తో మొదలుపెట్టండి. జేఎస్‌బీ కంపెనీ 18.13 గ్రెయిన్ల (పెల్లెట్ బరువు కొలమానం) పెల్లెట్, 880 అడుగుల వేగం. అంటే 31 ఫుట్ పౌండ్ల శక్తి, సుమారు 42 జౌళ్లు. అదే .25లో 33.95 గ్రెయిన్ల పెల్లెట్‌ని అదే వేగంతో పంపితే 58 ఫుట్ పౌండ్లు, ఒక్కో షాట్‌కి గాలి ఖర్చు దాదాపు రెట్టింపు. పెల్లెట్లూ ఖరీదే. మీకు ఇప్పుడు కావాల్సింది ఎక్కువ షాట్లు. పక్కగాలి చదవడం .22తోనే బాగా వస్తుంది, ఎందుకంటే అది మీ పొరపాటుని పెద్దదిగా చూపిస్తుంది. ఏడాది తర్వాత మీకే తెలుస్తుంది .30 కావాలో వద్దో. అప్పుడు లైనర్, ప్రోబ్, మ్యాగజైన్ కొనుక్కుంటే సరి, కొత్త తుపాకీ అక్కర్లేదు. ఇంపాక్ట్ లైనర్ మీకు ముఖ్యమని ఇందాక అన్నది అందుకే.

వేగం 950 దాటనివ్వకండి. నడుము సన్నగా ఉండే ఈ డయాబొలో పెల్లెట్లు ధ్వని వేగం దగ్గరికి వెళ్లేకొద్దీ తొణుకుతాయి. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్ల రివ్యూలు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ సర్టిఫికెట్ లేకుండా కొనే ఎయిర్ రైఫిల్‌కి 12 ఫుట్ పౌండ్లే హద్దు. అందుకే వాళ్లు ఒక ఫిల్‌కి వందల షాట్లు వస్తున్నాయంటారు. అదే పేరున్న తుపాకీ మీ దగ్గర అన్ని ఇవ్వదు. అది తుపాకీ లోపం కాదు. ఇంటి పెరట్లో 25 గజాలు కొట్టుకునే ఆలోచన ఉంటే మీ సిటీ నియమాలూ, కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నియమాలూ ముందు చదవండి. దెబ్బ ఆపే గట్టి ట్రాప్ లేకుండా 31 ఫుట్ పౌండ్ల తుపాకీ పెరట్లో తీయొద్దు. చెక్క కంచెని అది లెక్కచేయదు.

లెక్క చూస్తే తుపాకీ 2,100, స్కోప్ 550, గాలికి 600, క్రోనోగ్రాఫ్ 200. మొత్తం 3,450. రెండు డబ్బాల పెల్లెట్లు, బబుల్ లెవెల్ కలిపితే మీ 3,500 కాస్త దాటుతుంది, అంతే. స్కోప్‌లో పారలాక్స్ (దూరానికి తగ్గట్టు బొమ్మని సర్దే ఏర్పాటు) 10, 15 గజాల దాకా సర్దుకునేది చూడండి. మందు తూటాల తుపాకులకి చేసిన స్కోపుల్లో చాలావాటికి 50 గజాల లోపు బొమ్మ మసకే. బల్ల మీద పేల్చడానికైతే బ్యాగ్ రైడర్ అనే చిన్న ముక్క కూడా కావాలి, బుల్‌పప్ వెనక భాగం ఇసుక సంచి మీద సాఫీగా కూర్చోదు. అది తర్వాతి నెల జీతంలో.

ఏడాదిగా స్ప్రింగ్ రైఫిల్ పేల్చానన్నారు. దాన్ని అమ్మకండి. స్ప్రింగ్ రైఫిల్ పట్టు కాస్త మారినా దెబ్బ మారుస్తుంది, పెల్లెట్ బయటికి పోయేదాకా కదలకుండా ఉండటం అదే నేర్పుతుంది. ఆ అలవాటుతో ఇంపాక్ట్ పట్టుకుంటే ఎంత తేలికో మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంట్లో పిల్లలున్నారో లేదో రాయలేదు. ఉన్నా లేకపోయినా ట్రిగ్గర్ లాక్, తాళం ఉన్న పెట్టె తప్పనిసరి. పెల్లెట్లు సీసంతో చేసినవి, రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వంటింట్లోకి.

ఇప్పుడు నూజివీడు. వద్దు చెల్లెమ్మా, ఆ ఆలోచన పూర్తిగా మానేయండి. మన దేశంలో 2016 ఆయుధాల నియమాల ప్రకారం .177 క్యాలిబర్, 20 జౌళ్ల శక్తి, ఈ రెండు హద్దుల్లో ఏది దాటినా ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు కావాలి. మీ .22 ఇంపాక్ట్ రెండూ దాటుతుంది. పాత స్ప్రింగ్ రైఫిల్ అయినా సరే, ఆయుధం దిగుమతి అంటే సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకెళ్లే వ్యవహారం కాదు. శంషాబాద్‌లో కస్టమ్స్ ఆపితే తుపాకీ పోవడంతో సరిపోదు, పండగ పూట కేసు మెడకి చుట్టుకుంటుంది.

చట్టం మాట పక్కనపెట్టినా, పెల్లెట్ తగిలిన కోతి అక్కడికక్కడ చావదు. పొట్టలో సీసం పెట్టుకుని పుండు పడి వారాల తరబడి తిరుగుతుంది. జంతు హింస నిరోధక చట్టం 1960 నుంచి ఉంది. తోటల్లో కోతుల బాధ ఎంతటిదో నాకు తెలుసు, మా మేనమామ జామతోట వాటివల్లే తీసేశాడు. నాన్నగారికి సోలార్ ఫెన్సింగ్ వేయించండి. ఇరుగుపొరుగు తోటలవాళ్లు కలిసి వేసుకుంటే ఒక్కొక్కరికి ఖర్చు తగ్గుతుంది, కోతులు పక్క తోటలోంచి దూకడమూ తగ్గుతుంది. కాపు సమయానికి కాపలా మనిషి ఒకరు. ఈ ఏడాది సంక్రాంతికి మీరు పట్టుకెళ్లాల్సింది ఆ ఫెన్సింగ్ డబ్బు.

మీ ఇంట్లో పిల్లలకి, అక్కాచెల్లెళ్ల పిల్లలకి మీ సరదా అంటించాలనుంటే దానికి వేరే దారి ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కూడా ముందే గాలి నింపుకునే తుపాకీయే, .177 క్యాలిబర్. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది దానితోనే. కోచ్ ఉన్న రేంజ్‌లో చేర్పించండి.

ఇక మీ పని. ఇంపాక్ట్ ఎం3, .22. కానీ డబ్బు కట్టే ముందు మీ చుట్టుపక్కల ఎయిర్‌గన్ల దుకాణానికి వెళ్లి మూడింటిలో ఎన్ని దొరికితే అన్నీ భుజానికి పెట్టి చూడండి. కళ్లు మూసుకుని తుపాకీ భుజానికి తెచ్చుకోండి, చెంప హాయిగా ఆనించండి, అప్పుడు కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా కనిపించాలి. చుట్టూ నల్లటి నీడ కనిపిస్తే చెంప ప్యాడ్ సర్దమనండి, మళ్లీ కళ్లు మూసుకుని చూడండి. ఇంపాక్ట్ మీకు కుదరక డెల్టా వుల్ఫ్ కుదిరిందనుకోండి, ఆరు నెలలు ఆగి గాలికి డబ్బు కూడబెట్టుకుని అదే కొనండి, నేను రాసిందంతా పక్కనపెట్టండి. తొందరపెట్టేవాళ్లుంటే బయటికొచ్చి కాఫీ తాగి మళ్లీ వెళ్లండి. వెళ్లేటప్పుడు కళ్లద్దాలు మర్చిపోకండి, కంప్యూటర్ ముందు పెట్టుకునేవి కాదు, కారు నడిపేటప్పుడు పెట్టుకునేవి.